పెద్ద చెట్లు బోలెడు, పిల్ల మొక్కలు లేవు. ఈ కొండ అడవి పనైపోయినట్టేనా?

సీమమిరప:
అందరికీ నమస్తే. మాది అనంతపురం, బెంగళూరులో ఎమ్మెస్సీ చేస్తున్నా. ప్రాజెక్టు కోసం చామరాజనగర్ వైపు ఒక కొండ మీద, ఆకురాల్చే అడవిలో 20 మీటర్లకు 20 మీటర్ల ప్లాట్లు వేసి, చుట్టుకొలత 30 సెంటీమీటర్లు దాటిన ప్రతి చెట్టుకీ ఛాతీ ఎత్తులో టేపు చుట్టి రాసుకొచ్చాను. రాత్రి హాస్టల్లో ఏ లావు చెట్లు ఎన్ని ఉన్నాయో గ్రాఫ్ గీస్తే తల తిరిగింది. సన్నవి ఎక్కువ, లావువి తక్కువ ఉండి గీత ఎడమ నుంచి కుడికి దిగాలి కదా, నాది ఎద్దు మూపురంలా మధ్యలో లేచింది. ఏగిస అనే కలప జాతి అయితే పెద్ద చెట్లే, పిల్ల ఒక్కటీ లేదు. కింద ఎటు చూసినా లాంటానా కంపే. "పునరుత్పత్తి లేదు" అని రాసేయొచ్చా? సోమవారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

టేపుతాత:
రాసేయకు తల్లీ. నువ్వు 30 లోపు వాటిని కొలవనేలేదు, మరి పిల్లలు లేవని ఎలా అంటావ్? ప్లాటు మూలల్లో 5 మీటర్ల గడి, అందులో మీటరు గడి వేసి మొలకలు విడిగా లెక్కపెట్టాలి. గ్రాఫ్ కూడా ఒక్కో జాతికి విడిగా గీయి. ఎండ కోరే జాతులు ఒక మంచి కాలంలో గుంపుగా మొలిచి కలిసి పెరిగితే మూపురమే వస్తుంది, అది జబ్బు కాదు. పైగా లావు వేరు, వయసు వేరు.
ఇంకోటి, వాలు మీద టేపు నేలకి ఆనించి పరిచావా? 30 డిగ్రీల వాలులో 20 మీటర్ల టేపుకి చదును కొలతలో వచ్చేది 17.3 మీటర్లే. 400 చదరపు మీటర్లు అనుకున్నది 346 అవుతుంది. మా బ్యాచ్ మొత్తం ఈ తప్పు చేసి తిట్లు తిన్నది.

కంపలో_కాలు:
ఏ నెలలో వెళ్లావ్? మార్చిలో అయితే మొలకలు ఎండి ఆకుల కింద ఉంటాయి.

బూడిదనేల:
మంటల సంగతి ఎవరూ అడగలేదేంటి. టేకు, ఏగిస లాంటి వాటి పిల్లలు ఎండకో నిప్పుకో పైన చచ్చి, వేరు మాత్రం బతికి, వానలకి మళ్లీ చిగురేస్తాయి. ఇలా ఏళ్ల తరబడి. పైన పెన్సిలంత కాడ, కింద ముల్లంగంత వేరు. మన బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్ (ఐఐఎస్సీ) వాళ్లు 1988లో తమిళనాడులోని ముదుమలై అడవిలో 50 హెక్టార్ల ప్లాటు వేసి, సెంటీమీటరు మందం ఉన్న కాడని కూడా లెక్కలోకి తీసుకున్నారు. అక్కడ సన్నవాటిని నిప్పు తీసేస్తుంది, కిడియా అనే చిన్న చెట్టునైతే ఏనుగులే నమిలేశాయి. ఒకే మూపురం, కారణాలు వేరు.
అలాగని నిప్పంతా చెడ్డదనీ కాదు. చామరాజనగర్ వైపే ఉన్న బిళిగిరి రంగన బెట్ట అడవిలో సోలిగలు అనే గిరిజనులు చెప్పేది వినాలి. పూర్వం వేసవి ముదరకముందే రాలిన ఆకుకి చిన్న మంట పెట్టేవాళ్లట, అది ఆగాక లాంటానా ముసిరింది, ఉసిరి చెట్లకి బదనిక (కొమ్మల మీద పెరిగి చెట్టు రసం పీల్చే మొక్క) పెరిగింది అంటారు. కంప పెరిగాక వచ్చే మంట వేరే రకం, కంప పట్టుకుని కొమ్మలదాకా ఎక్కుతుంది.

టేపుతాత:
ఒప్పుకుంటా, కానీ నిప్పు ఆపినందుకే లాంటానా వచ్చిందని తేల్చేయలేం. అది మన దేశంలోకి 1800ల మొదట్లోనే తోటమొక్కగా వచ్చింది, తర్వాత ఎక్కడ నీడ పలచబడితే అక్కడ పాకింది.

సీమమిరప:
గైడ్‌ని బతిమాలి గడువు పెంచుకుని, వానలు పడ్డాక మళ్లీ వెళ్లొచ్చా. బూడిదనేల గారు చెప్పినట్టే, గడ్డిలో రెండాకుల ఏగిస దగ్గర వేలితో మట్టి తీస్తే బొటనవేలికన్నా లావు వేరు, పైన నల్లగా మాడిన మొదళ్లు మూడు. పీకలేదు, మట్టి కప్పేశా. కంప పలచగా ఉన్న ప్లాట్లలో ఇలాంటివి బానే దొరికాయి. ఒత్తుగా ఉన్నచోట మోకాళ్ల మీద దూరి చూసినా ఉసిరి మొలక ఒక్కటీ కనబడలేదు, చేతులు గీరుకుపోయాయి అంతే. కాబట్టి ఏగిసకీ ఉసిరికీ వేరువేరుగా రాస్తున్నా. వాలు లెక్క కూడా తప్పే తాతగారూ, అన్ని ప్లాట్లూ మళ్లీ లెక్కేస్తున్నా.