సమస్య: ‘పావురములఁ గాల్చఁ బాపహాని’

నిర్వాహకుడు: ఈసారి ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం, మిగతా మూడూ మీవి. ‘పాపహాని’ అంటే పాపం పోవడం. ఇతివృత్తం వేల్స్ పల్లెటూరి దొర జీవితం. ‘ప్లాస్’ అని పిలిచే పెద్ద మేడ, చుట్టూ కౌలుచేలు, గోడకు తుపాకులు. దయచేసి శిబి చక్రవర్తిని లాక్కురాకండి.

తెనాలి సభ్యురాలు:
మట్టి బిళ్ల లెగుర మంచులో దొరగారు
గురిని నిలిపి కొట్టుఁ గుండుతోడ
పగిలె మట్టి గాని పక్కినెత్తురు లేదు
పావురములఁ గాల్చఁ బాపహాని

నిర్వాహకుడు: గురి ఆటలో గాల్లోకి ఎగరేసే మట్టి బిళ్లను ఇంగ్లీషులో ‘మట్టి పావురం’ అంటారు కాబట్టి మూడో పాదంతో సమస్య విడిపోయింది, భేష్! 1900లో పారిస్ ఒలింపిక్ ఆటల్లో బతికున్న పావురాలనే వదిలి కాల్చారు. 21 పక్షులను కూల్చి బెల్జియం వాడు గెలిచాడు. బంధించిన పక్షులను అలా వదిలి కాల్చడాన్ని బ్రిటన్ 1921లో చట్టంతో ఆపింది. మట్టి బిళ్లకు అమెరికాలో 1880లోనే పేటెంటు వచ్చింది. ఇప్పటి బిళ్లలో మట్టే లేదనుకోండి, తారూ సున్నపురాయి పొడీ! ఇక ‘గుండు’ దగ్గర పేచీ. ఎగిరే బిళ్లను కొట్టేది ఒంటిగుండు కాదు, సీసపు రవ్వలు. రెండో పాదం ‘సీసరవ్వ జల్లు చిమ్ముచుండ’ అంటే? సంస్కృతం, తెలుగు కలిపిన మిశ్రసమాసమని నన్ను పట్టుకోకండి.

తెనాలి సభ్యురాలు: పట్టుకుంటాను, కానీ మార్చుకుంటాను కూడా.

కరీంనగర్ మాస్టారు:
కౌలుచేని గింజఁ గాపాడఁ బూనుచు
దొరయె కాచి నిలిచెఁ దుప్పలందు
పేద కడుపు నిండ బిడ్డలు నవ్వంగ
పావురములఁ గాల్చఁ బాపహాని

తెనాలి సభ్యురాలు: ధార బాగుంది మాస్టారూ, దొరే మరీ దేవుడైపోయాడు. 1868 ఎన్నికల్లో తమ మాట కాదని ఓటు వేసిన కౌలుదారులను వేల్స్ భూస్వాములు భూముల నుంచి వెళ్లగొట్టారు. రహస్య ఓటు 1872లో గాని రాలేదు. చేను మేసే కుందేలును చంపుకునే హక్కు రైతుకు చట్టం ఇచ్చింది 1880లో. ఆ దొర రైతు గింజ కోసం తుప్పల్లో కూర్చున్నాడంటే నమ్మను.

నిర్వాహకుడు: యతులన్నీ కుదిరాయి, కౌ–గా మైత్రి ముచ్చటగా ఉంది. అభ్యంతరం మాత్రం న్యాయమే.

కరీంనగర్ మాస్టారు: ఒప్పుకున్నానమ్మా. మొదటి రెండూ ఉంచి మూడో పాదం మారుస్తున్నాను:
పేరు దొరది, కౌలు పెంచె నా మరునాఁడె
పావురములఁ గాల్చఁ బాపహాని?

నిర్వాహకుడు: ప్రశ్నార్థకం నేనివ్వలేదే!

కరీంనగర్ మాస్టారు: అది కౌలుదారుది.