పోషకాహార తరగతుల్లో మొదటి రోజే నాలుగు పేజీల ఫారం: అడగొచ్చా, అడిగితే ఎంత?

పలకాబలపం

నమస్కారం అందరికీ. వారం రోజులుగా మనసులో నలుగుతున్న సంగతి. ఈ పనిలో ఉన్నవాళ్లు చెబుతారని ఇక్కడ రాస్తున్నా.

పెద్దవాళ్ల కోసం ఆరు వారాల పోషకాహార తరగతులు నడుపుతాను. వారానికొకటి, గంటన్నర. ఇన్నాళ్లూ ఒక్క పేజీ ఫారంతో సరిపోయేది. ఈసారి నిధులిచ్చే సంస్థ నాలుగు పేజీలది పంపింది. పేరు, పుట్టినతేదీ, చిరునామా, ఫోను, చదువు, ఇంటి ఆదాయం, ఎత్తు, బరువు, ఉన్న జబ్బులు, వాడే మందులు, నిన్నంతా ఏం తిన్నారు, డబ్బుల్లేక ఎప్పుడైనా పస్తున్నారా. లెక్కపెట్టాను, 46 ప్రశ్నలు. మొదటి తరగతిలో ఒకసారి, ఆరో తరగతిలో ఇంకోసారి నింపించాలట.

మొదటి రోజు 22 మంది వచ్చారు. ఫారాలు అయ్యేసరికి 40 నిమిషాలు పట్టింది. వెనక వరసలో ఒకావిడ మొదటి పేజీ చకచకా రాసేసింది. బరువు గడి దగ్గర పెన్ను ఆగింది. పక్కామె చూస్తోందేమోనని అరచేయి అడ్డం పెట్టుకుంది. కాసేపు అలాగే కూర్చుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, "ఇప్పుడే వస్తానండీ" అని లేచింది. మళ్లీ రాలేదు. రెండో వారానికి 13 మందే మిగిలారు. అందరూ ఫారం వల్లే మానేశారని అనలేను. ఆవిడ మాత్రం అందుకే వెళ్లిపోయింది, నా కళ్లతో చూశాను.

మా బృందంలో సగం మంది "లెక్కలు లేకపోతే తరగతులే ఉండవు" అంటున్నారు. నాకేమో మొదటి రోజు పేరు, హాజరు చాలనిపిస్తోంది. మిగతావి వాళ్లకి మన మీద గురి కుదిరాక అడుగుదాం. తప్పయితే చెప్పండి.

తక్కెడ

పలకాబలపం గారూ, ఆవిడ సంగతి చదివి బాధేసింది. అయినా మీ మాట ఒప్పుకోలేను. ఇలాంటి కార్యక్రమాలు పనిచేశాయో లేదో చూడటమే నా ఉద్యోగం.

మూడో వారంలో అడిగితే అప్పటికే రెండు పాఠాలు చెప్పేసి ఉంటారు. ఇక "ముందు ఎలా ఉండేది" అన్నది దొరకదు. పైగా ఆ రెండు వారాల్లో మానేసినవాళ్ల గురించి మీ దగ్గర ఒక్క ముక్క కూడా ఉండదు. తరచూ ఎవరికి ఇబ్బందులు ఎక్కువో వాళ్లే ముందు మానేస్తారు. చివరిదాకా ఉన్న పదిమంది లెక్క చూపించి తరగతి బాగా నడిచిందంటే, మానేసిన వాళ్లకి ఏమైందో ఎవరు చెప్పాలి?

ఒక్కొక్కరూ తొమ్మిది గంటలు మనకిచ్చారు. పని మానుకుని, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి వచ్చారు. పాఠం అర్థమవడం ఒక ఎత్తు, అది కంచంలోకి రావడం ఒక ఎత్తు. ఆ తొమ్మిది గంటలు అక్కరకొచ్చాయో లేదో చూసుకోకుండా ఇంకో బృందాన్ని తెచ్చి కూర్చోబెట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

46 ఎక్కువే. 12కి తగ్గించండి. కానీ మొదటి రోజే అడగండి.

ఇంటింటికీ

తగ్గించడం సరే, ఏ పన్నెండు ఉంచుతారన్నదే అసలు సంగతి. పస్తుల ప్రశ్నల గురించి నేను చెబుతాను.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తయారుచేసిన కొలమానం ఒకటుంది, ఎఫ్‌ఐఈఎస్ అంటారు. ఎనిమిది ప్రశ్నలు. గత 12 నెలల్లో డబ్బు చాలక తిండి సరిపోదేమోనని దిగులుపడ్డారా అని మొదలవుతుంది. ఒక పూట మానేశారా, ఇంట్లో తిండి నిండుకుందా, ఆకలేసినా తినలేదా అంటూ వెళ్లి, రోజంతా ఏమీ తినకుండా ఉన్నారా అన్నదాంతో ఆగుతుంది. దేశాల పరిస్థితి పోల్చి చూడటానికి మంచి సాధనం. నేను చాలా ఇళ్లలో అడిగాను.

ఒకింట్లో తల్లి ఏడో ప్రశ్న దాకా "లేదండీ, లేదండీ" అంటూ వచ్చింది. ఎనిమిదోది చదవగానే పక్కనున్న కూతురు "ఆ రోజు నువ్వేం తినలేదుగా అమ్మా" అంది. ఆ తల్లి నా వైపు చూడలేదు, పిల్ల వైపూ చూడలేదు. గోడకేసి చూస్తూ మళ్లీ "లేదండీ" అంది. నేను ఆ గడిలోనే టిక్కు పెట్టి లేచి వచ్చేశాను. అది అబద్ధమని ముగ్గురికీ తెలుసు. లెక్కలో మాత్రం ఆ ఇల్లు తిండికి లోటు లేని ఇల్లు.

అలాగని అడగొద్దనను. ఇంకోచోట తలుపేసి ఒక్కొక్కరినే పిలిచి అడిగితే ముగ్గురు నోరు విప్పారు. ఉచితంగా ఆహారం ఇచ్చేచోటు వివరాలు ఆ రోజు నా దగ్గర ఉన్నాయి కాబట్టి ఆ సాయంత్రమే వాళ్లని అక్కడికి తీసుకెళ్లాను. అడగకపోతే ఆ ముగ్గురి సంగతి నాకు తెలిసేదే కాదు. ఎవరైనా "అవును" అంటే మనమేం చేయగలమో ముందే చేతిలో ఉండాలి. అది లేనిచోట ఆకలి గురించి అడగడమంటే పుండు కెలికి వెళ్లిపోవడమే.

నలుగురిలోఒకరు

నేను నేర్పేదాన్ని కాదండీ, ఇలాంటి తరగతిలో కూర్చున్నదాన్ని. నా సంగతి నిజంగా చెప్పేస్తాను.

ఆకుకూరలు వారానికి ఎన్నిసార్లు అని మొదటి రోజు అడిగితే నాలుగని రాశాను. తినేది రెండుసార్లు. తక్కువ రాస్తే ఇంటిని పట్టించుకోని మనిషి అనుకుంటారని భయం. ఆరో వారానికి టీచరు గారంటే చాలా ఇష్టం ఏర్పడింది, ఆవిడ కష్టపడటం రోజూ చూశాం. అందుకని "రోజూ" అని రాశాను. అప్పటికి తింటున్నది మూడుసార్లు. పెరిగిన ఆ ఒక్కసారి నిజం, మా ఇంట్లో అది పెద్ద మార్పే. కాగితం మీద మాత్రం నాలుగు కాస్తా ఏడైంది.

బరువు, ఆదాయం అడిగారు. మళ్లీ ఎవరూ వాటి ఊసెత్తలేదు, వాటిని బట్టి వేరే పాఠం ఏమీ చెప్పలేదు. ఎందుకడిగారో ఇప్పటికీ తెలియదు. ఇంట్లో సరుకులు ఎవరు కొంటారని ఒక్కరు అడిగి ఉంటే బాగుండేది. మా ఇంట్లో కొనేది మా అత్తగారు. ఆరు వారాలూ సరుకులు ఎలా ఎంచుకోవాలో నాకు నేర్పారు.

తక్కెడ

నలుగురిలోఒకరు గారూ, మీరు చెప్పిన ఆ నాలుగు, ఏడు నేను రాసిన ఎన్నో నివేదికల్లో ఉండి ఉంటాయి. చెప్పినందుకు చేతులెత్తి మొక్కుతున్నాను.

మీరొక్కరే ఇలా రాయలేదు. తిండి గురించి అడిగితే అందరం ఎదుటివాళ్లు మెచ్చేటట్టే చెబుతాం. ప్రత్యేకంగా తయారుచేసిన నీళ్లు తాగించి, ఒంట్లో నిజంగా ఎంత శక్తి ఖర్చయిందో కొలిచే పరీక్ష ఉంది. దాంతో పోల్చి చూసిన అధ్యయనాల్లో, జనం తిన్నామని చెప్పేది తిన్నదానికన్నా తక్కువని పదేపదే తేలింది. రివర్సు కూడా జరుగుతుంది. మొదటి రోజు "నేను బాగానే తింటున్నా" అని ఐదుకి నాలుగు మార్కులు వేసుకున్నవాళ్లు, పాఠాలు విన్నాక తమ లోటు తెలిసి మూడే వేసుకుంటారు. కాగితం చూస్తే తరగతి చెడగొట్టినట్టు కనిపిస్తుంది. అందుకే కొందరు చివరి రోజునే "అప్పుడెలా, ఇప్పుడెలా" అని రెండూ ఒకేసారి అడుగుతారు. అప్పుడేమో మెరుగైనట్టు చూపించాలన్న మొహమాటం అడ్డొస్తుంది.

పలకాబలపం గారి ఫారంలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది "నిన్నంతా ఏం తిన్నారు" అన్న ఖాళీ గడి. దాన్ని 24 గంటల రీకాల్ అంటారు, నిన్న తిన్నదంతా గుర్తుచేయించి రాసుకోవడం. అందుకు శిక్షణ ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని దఫదఫాలుగా అడగాలి. మొదట గుర్తున్నవన్నీ గబగబా చెప్పించి, తర్వాత మరిచిపోయి ఉండగల చిరుతిళ్లు, పానీయాలు గుర్తుచేసి, ఏ వేళకి ఏది అని, ఎంత అని, ఆఖరున ఇంకేమైనా ఉందా అని. మనిషికి అరగంట పడుతుంది. అంతా చేసినా ఒక్కరోజు తిండిని బట్టి ఒక మనిషి అలవాటు చెప్పలేం, గుంపు సగటు మాత్రమే చెప్పగలం. 40 నిమిషాల్లో 22 మంది తమంతట తాము రాసిన ఆ గడి దేనికీ పనికిరాదు. కొట్టేయండి.

దాని బదులు చాలామంది ఎండీడీ-డబ్ల్యూ వాడతారు. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలు నిన్న పది ఆహార వర్గాల్లో కనీసం ఐదింటినుంచి తిన్నారా అని చూడటం. ఐదు నిమిషాల పని. కాకపోతే అదీ గుంపుకి చేసిన కొలతే. ఒకామెని పిలిచి "నీకు నాలుగే వచ్చాయి" అనడం దాని పని కాదు. అలా అనగా నేను విన్నాను.

తాళంచెవి

అందరూ ఏం అడగాలన్నదే మాట్లాడుతున్నారు. అడిగాక ఆ కాగితం ఎటుపోతుంది?

"పేరు తీసేశాం, ఇక భయం లేదు" అంటారు. లటాన్యా స్వీనీ అనే శాస్త్రవేత్త 2000లో ఒక లెక్క తేల్చారు. పుట్టినతేదీ, ఆడా మగా అన్నది, ఐదంకెల పోస్టల్ కోడు, ఈ మూడూ కలిపితే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని. 2006లో ఇంకొకరు లెక్క తిరగేస్తే 63 శాతం వచ్చింది. అదీ తక్కువేం కాదు. అది కోట్ల మందిలో. 22 మంది కూర్చునే తరగతిలో అంత కూడా అక్కర్లేదు. "వయసు 61, మధుమేహం" అని రాసి ఉంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

పుట్టినతేదీ బదులు వయసు వరస చాలు. 18 నుంచి 34, 35 నుంచి 49, అలా. ముందు ఫారం, వెనక ఫారం ఒకరివేనని పోల్చుకోవడానికి పేరు అక్కర్లేదు. అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తారీఖు అంకె, పెద్ద తోబుట్టువులు ఎంతమంది, ఇలా తమకి మాత్రమే గుర్తుండే మూడు ముక్కలతో ఎవరి గుర్తు వాళ్లే రాసుకోవచ్చు. కొందరు రెండోసారి తప్పు రాస్తారు, ఆ జంటలు పోతాయి. పోనివ్వండి. ఐరోపాలో జనం సొంత వివరాల్ని కాపాడే చట్టం (జీడీపీఆర్) 2018 నుంచి అమల్లో ఉంది. చేసే పనికి ఎంత అవసరమో అంతే తీసుకోవాలని అందులో నియమమే రాసిపెట్టారు. మీరున్నచోట చట్టం ఏదైనా ఆ నియమం వాడుకోవచ్చు.

ఇంకొకటి. "నింపకపోయినా తరగతికి రావచ్చు" అని ఫారం అడుగున చిన్న అక్షరాల్లో వేసి వదిలేయకండి. నోటితో, గట్టిగా, కాగితాలు పంచకముందే చెప్పండి.

పలకాబలపం

నిజం చెప్పాలంటే ఆ మాట నేను చెప్పలేదు. చెప్పి ఉంటే ఆవిడ కూర్చునేదేమో.

నిన్న నిధులిచ్చేవాళ్లకి ఫోన్ చేశాను. "ఈ 46లో మీ నివేదికలోకి ఎక్కేవి ఏవి?" అని ఒకటే ప్రశ్న వేశాను. ఆమె పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. చివరికి తొమ్మిది అన్నారు. బరువు అందులో లేదు, మందులూ లేవు. మరి ఎందుకు పెట్టారంటే, ఏదో పాత ఫారంలో ఉన్నవి అలాగే వచ్చాయన్నారు.

తక్కెడ గారూ, మొదటి రోజే అడగాలన్న మీ మాట ఒప్పుకుంటున్నాను. తొమ్మిది ప్రశ్నలు, పేరు లేకుండా, తాళంచెవి గారు చెప్పిన గుర్తుతో. పస్తుల ప్రశ్న అందులోంచి తీసేసి విడిగా, తలుపేసి, మూడో వారంలో అడుగుతాను. ఈలోగా సాయం దొరికే చోట్ల వివరాలు సేకరిస్తాను. సరుకులు ఎవరు కొంటారన్నది పదో ప్రశ్నగా నేనే చేర్చుకుంటున్నాను.

తక్కెడ

పస్తుల ప్రశ్న మూడో వారానికి జరిపితే మొదటి రెండు వారాల్లో మానేసినవాళ్లు అందులో లేరని నివేదికలో స్పష్టంగా రాయండి. నాకు ఇంకా మనసొప్పడం లేదు, కానీ ఆ తల్లి కథ చదివాక గట్టిగా వాదించలేను. వీలైతే తర్వాతి బృందం కోసం ఎదురుచూస్తున్నవాళ్లని కూడా అదే పది ప్రశ్నలు అడగండి. మొదట్లో మరీ తక్కువ స్కోరు వచ్చినవాళ్లకి రెండోసారి ఏ పాఠం చెప్పకపోయినా కొంత పెరుగుతుంది. పక్కన పోల్చడానికి ఇంకో గుంపు లేకపోతే ఆ పెరుగుదలంతా మీ ఖాతాలో పడిపోతుంది.

నలుగురిలోఒకరు

పలకాబలపం గారూ, ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతాను. మీ పాత ఒక్క పేజీ ఫారాలు ఇప్పుడు ఎక్కడున్నాయండీ? నేను రాసిచ్చినవి ఎక్కడున్నాయో నాకు తెలియదు, అందుకని.

పలకాబలపం

ఇన్నేళ్లలో ఈ మాట నన్నెవరూ అడగలేదు.

మెట్ల కింద అట్టపెట్టెలో ఉన్నాయి. మూడేళ్లవి. తాళం లేదు. మీరడిగాక వెళ్లి తెరిచాను. పైనున్న నాలుగైదు కాగితాలు తిప్పేసరికి ఒకటి కనిపించింది. జబ్బుల గడిలో ఒక జబ్బు పేరు రాసి, పక్కనే చిన్న అక్షరాలతో "ఇంట్లో తెలియదు" అని రాశారు. అక్కడే మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

తాళంచెవి

ముందు ఆ పెట్టెని తాళం ఉన్న బీరువాలోకి మార్చండి, ఇవాళే. ఆ తర్వాత చించేయండి.

తక్కెడ

చించే ముందు ఆగండి. మూడేళ్ల జవాబులు మళ్లీ దొరకవు. పేర్లు వదిలేసి అంకెలు మాత్రం ఎక్కించుకోవచ్చు కదా?

నలుగురిలోఒకరు

రాసినవాళ్లని అడిగాకే.

పలకాబలపం

పెట్టె బీరువాలో పెట్టాను, తాళంచెవి నా దగ్గరే ఉంది. రేపటినుంచి ఫారాల మీదున్న నంబర్లకి ఫోన్ చేసి ఒక్కొక్కరినీ అడుగుతాను, ఉంచమంటారా, చించమంటారా అని. ఆ చిన్న అక్షరాల కాగితం మీదున్న నంబరుకి మాత్రం చేయను. ఆ ఫోను ఇంట్లో ఎవరెత్తుతారో తెలియదు. దాన్ని ఇప్పుడే చించేశాను.