పొద్దున పెట్రోల్ కారు స్టార్ట్ అవడానికి 5–6 సెకన్లు: సెల్ఫ్ మోటార్ మార్చాలా?

ప్రశ్న

1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 2016 మోడల్, 78,000 కి.మీ. తిరిగింది. రాత్రంతా ఆగాక పొద్దున తాళం తిప్పితే సెల్ఫ్ హుషారుగానే తిరుగుతుంది, ఇంజన్ అందుకోవడానికి మాత్రం 5–6 సెకన్లు పడుతోంది. ఆపిన పది నిమిషాలకు మళ్లీ తిప్పితే వెంటనే స్టార్ట్. మూడు గంటలు ఆగితే 3 సెకన్లు. అందుకున్నాక ఐడిల్‌లో తేడా లేదు, మైలేజీ తగ్గలేదు, చెక్ ఇంజన్ లైటు రాలేదు. బ్యాటరీ కొత్తదే, ప్లగ్గులు 70,000 దగ్గర మార్చాం. మెకానిక్ సెల్ఫ్ మోటార్ మార్చేద్దాం అంటున్నారు. మార్చమంటారా?

జవాబు 1

ఇప్పుడే వద్దండి. ఇంజన్‌ను తిప్పడం వరకే సెల్ఫ్ పని. అది జోరుగా తిప్పుతున్నా ఇంజన్ అందుకోవట్లేదంటే లోపం పెట్రోల్, స్పార్క్, సెన్సర్లలో ఒకచోట ఉంటుంది. మీరు రాసినదాంట్లో అసలు ఆధారం ఆగిన సమయం. ఎంతసేపు ఆగితే అంత ఆలస్యం అవుతోందంటే ముందు అనుమానించాల్సింది రైల్‌లోని, అంటే ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టంలోని, పెట్రోల్ ప్రెజర్‌ను.

మల్టీ పాయింట్ ఇంజెక్షన్ (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మే) బండ్లలో ఈ ప్రెజర్ సుమారు 3 నుంచి 4 బార్ ఉంటుంది. ఇంజన్ ఆపినా అది వెంటనే పడిపోకూడదు. పట్టి ఉంచేది ట్యాంకులోని పెట్రోల్ పంపులో ఉండే చిన్న చెక్ వాల్వ్, అంటే పెట్రోల్‌ను వెనక్కి పోనివ్వని కవాటం. అది లీకైతే పెట్రోల్ నెమ్మదిగా ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది. పొద్దున పంపు మళ్లీ లైను నింపి ప్రెజర్ ఎక్కించేదాకా సెల్ఫ్ ఊరికే తిరుగుతుంది.

రేపు పొద్దున ఖర్చు లేకుండా ఇలా చూడండి. తాళం ఆన్ వరకే తిప్పండి, సెల్ఫ్ కొట్టొద్దు. వెనక సీటు దగ్గర పంపు రెండు సెకన్లు గుయ్‌మని ఆగుతుంది. ఆఫ్ చేసి పది సెకన్లు ఆగి మళ్లీ ఆన్. ఇలా నాలుగుసార్లు చేశాక సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే ప్రెజర్ జారుతున్నట్టే. తేడా లేకపోతే సెన్సర్ల వైపు చూద్దాం. పంపు శబ్దమే రాకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడాలి.

జవాబు 2

పై పరీక్ష మంచిదే. కానీ సెల్ఫ్ హుషారుగా తిరుగుతోందని చెవితో తేల్చకండి, మల్టీమీటర్ పెట్టండి. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. కొత్త బ్యాటరీ పెట్టినా టెర్మినల్ మీద తెల్ల పొడి ఉన్నా, ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ వైరు వదులైనా వోల్టేజీ దారిలోనే పోతుంది. బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద ఒక ప్రోబ్, ఇంజన్ బ్లాక్ మీద ఇంకొకటి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టులు దాటితే ఎర్త్ వైరు విప్పి శుభ్రం చేయాలి. ఈ వైరు సంగతి చూడకుండానే సెల్ఫ్ మోటార్లు మార్చేస్తుంటారు, అదే బాధ.

ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు చూపే పరికరం) దొరికితే చల్లటి ఇంజన్ మీద కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత పక్కపక్కనే చూడండి. రాత్రంతా ఆగిన బండిలో రెండూ దాదాపు సమానంగా ఉండాలి. గాలి 28 డిగ్రీలు, కూలెంట్ 80 చూపిస్తే కూలెంట్ సెన్సర్ అబద్ధం చెబుతోంది. ఇంజన్ వేడిగా ఉందనుకుని ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోల్ తక్కువ పోస్తుంది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉంటే ఇంజన్ తిరగడాన్ని ఈసీయూకు చెప్పే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాలి. 200 చుట్టుపక్కల కనిపిస్తే ఆ సెన్సర్ సంకేతం అందుతున్నట్టే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. బ్యాటరీ 12.5, సెల్ఫ్ కొట్టినప్పుడు 10.4, ఎర్త్ దగ్గర 0.1. కూలెంట్ 29, గాలి 28. ఆర్‌పీఎం 230. నాలుగుసార్లు ఆన్ ఆఫ్ చేశాక ఒక్క సెకనులో అందుకుంది. మర్నాడు మామూలుగా తిప్పితే మళ్లీ 6 సెకన్లు. అయితే పంపు మార్చేయనా?

జవాబు 1

ఆగండి. ప్రెజర్ జారుతోందని తేలింది, ఎక్కడినుంచి జారుతోందో ఇంకా తేలలేదు. ఇంజెక్టర్ కారినా అచ్చం ఇలాగే ఉంటుంది.

రైలు దగ్గర ప్రెజర్ గేజ్ పెట్టించండి. ఇంజన్ ఆపిన పది నిమిషాల్లో ప్రెజర్ చాలావరకు పడిపోతే లీకు ఖాయం. మళ్లీ ప్రెజర్ ఎక్కించి, ఇంజన్ ఆపగానే గేజ్‌కు ట్యాంకు వైపున్న రబ్బరు హోసును క్లాంపుతో నొక్కి పట్టమనండి. అప్పుడు ప్రెజర్ నిలిస్తే తప్పు ట్యాంకు వైపు, అంటే పంపు చెక్ వాల్వ్ లేదా ప్రెజర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్. నిలవకపోతే ఇంజెక్టర్లు. నైలాన్ పైపుకు క్లాంపు వేస్తే పగులుతుంది, రబ్బరు ముక్క ఉన్నచోటే వేయాలి. రబ్బరు ముక్క లేని బండికి పైపు మధ్యలో వాల్వ్ ఉన్న అడాప్టర్ పెట్టాలి.

ఇంజెక్టర్ కారితే ఇంకో గుర్తు ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేయకముందే నాలుగు ప్లగ్గులు విప్పితే ఒకటి తడిగా, పెట్రోల్ వాసనతో వస్తుంది. అందుకోగానే ఒక్కసారి నల్ల పొగ కూడా రావచ్చు. ఆ పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, కాబట్టి దాన్ని అశ్రద్ధ చేయకూడదు.

పంపు అని తేలాక విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడపాలి. ప్రెజర్ దిగుతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ట్యాంకులో పెట్రోల్ పావు కంటే తక్కువుంటే పని సులువు. పంపు మూత కింది రబ్బరు సీలు కొత్తది వేయించండి, పాతది ఉబ్బి సరిగా కూర్చోదు. పని అయ్యేదాకా స్టార్ట్ చేసే ప్రతిసారీ ముందు తాళం రెండుసార్లు ఆన్ ఆఫ్ చేయండి, సెల్ఫ్ మీద భారం తగ్గుతుంది. ఒక్కసారికి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు, మధ్యలో అర నిమిషం ఆపండి.

ఇంకొకరి ప్రశ్న

డీజిల్ బండికి కూడా ఈ ఆన్ ఆఫ్ పరీక్ష పనికొస్తుందా?

జవాబు 2

నమ్మలేమండి. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు లేని డీజిల్ బండిలో తాళం ఆన్ చేస్తే హీటర్ ప్లగ్గులు వేడెక్కుతాయి తప్ప డీజిల్ కదలదు. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే రైలు నుంచి ఎక్కువ ప్రెజర్‌తో డీజిల్ అందే) ఇంజన్‌కు చాలా బండ్లలో సెల్ఫ్ తిరుగుతుండగా కనీసం 200 బార్ దాకా రైల్ ప్రెజర్ రావాలి, లేకపోతే ఈసీయూ ఇంజెక్టర్లు తెరవదు. స్కానర్‌లో ఆ అంకె చూడండి. నెమ్మదిగా ఎక్కుతుంటే ముందు ఫిల్టర్ దగ్గర గాలి చొరబడుతోందేమో చూడాలి. పారదర్శకమైన పైపు ముక్క పెడితే బుడగలు కనిపిస్తాయి. గాలి లేకపోతే ఇంజెక్టర్ల రిటర్న్ పైపులను నాలుగు సీసాల్లోకి వదిలి కొలవండి. మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండిన సీసా ఏ ఇంజెక్టర్‌దో ఆ ఇంజెక్టర్ అరిగినట్టు.

హీటర్ ప్లగ్గుల సంగతి ఊరిని బట్టి ఉంటుంది. లంబసింగి చలిలో పొద్దున మొరాయిస్తే ముందు అవే చూడాలి, కనెక్షన్ తీసి కొలిస్తే ఒక ఓమ్ అటూఇటుగా రావాలి. విజయవాడ ఎండాకాలంలో మొరాయిస్తే మాత్రం తప్పు వాటిది కాకపోవచ్చు, డీజిల్ లైనుతోనే మొదలుపెట్టండి.