పాడే పిల్ల మీద కేకలెందుకు? పాటల పోటీల్లో ఓట్లు, ఈసడింపుల మీద చర్చ

వైనతేయగట్టు:
కనుమ మరునాడు మా పక్క ఊళ్లో పాటల పోటీ పెట్టారు. మా అక్క కూతురు పాడటానికి వెళ్లింది. దానికి పద్నాలుగేళ్లు. సగం మార్కులు ముగ్గురు న్యాయనిర్ణేతలవి, సగం ఫోను ఓట్లవి అని ముందే మైకులో చెప్పారు. పిల్ల రెండో చరణంలో ఉండగా వెనక వరసల నుంచి ఈలలు మొదలయ్యాయి. మెచ్చుకునే ఈల ఏదో, వెక్కిరించే ఈల ఏదో తీర్థాల్లో పెరిగిన మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వెంటనే "దిగిపో, దిగిపో" అని ఒకే తాళంలో కేకలు. కారణం పాట కాదు. రొయ్యల చెరువుల ఉప్పునీరు వరి చేలలోకి వస్తోందని మా ఊరికీ ఆ ఊరికీ రెండేళ్లుగా తగవు నడుస్తోంది. ఆ కోపం ఈ పిల్ల మీద తీర్చుకున్నారు.

అది ఆగలేదు. చివరి వరకూ పాడి, నమస్కారం పెట్టి దిగింది. దగ్గరికి వచ్చాక చూస్తే ఓణీ కొంగును చూపుడు వేలికి ఎంత బిగించి చుట్టుకుందంటే వేలి కొస తెల్లగా పాలిపోయి ఉంది. ఆ ముడి విప్పడానికి నాకు కాసేపు పట్టింది. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా పాడటం లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక యూరోవిజన్ పోటీల గురించి చదివాను. యూరప్ దేశాలూ మరికొన్నీ ఏటా ఒక్కో పాట పంపి పోటీపడే టీవీ కార్యక్రమం అది. 2014లో కోపెన్‌హాగన్‌లో రష్యా తరఫున ఇద్దరు కవలలు, టోల్మాచేవా సోదరీమణులు, పాడారు. తొమ్మిదేళ్ల వయసులో, 2006లో, పిల్లల యూరోవిజన్ గెలిచినవాళ్లే. అప్పటికి వాళ్లకు పదిహేడేళ్లు. రష్యా ఉక్రెయిన్‌లోని క్రిమియాను ఆక్రమించుకున్నందుకూ, స్వలింగ సంపర్కులకు వ్యతిరేకంగా చేసిన చట్టానికీ హాలు ఈ ఇద్దరినీ ఈసడించింది. వాళ్ల దేశానికి మార్కులు వచ్చినప్పుడల్లా మళ్లీ కేకలే. చట్టం చేసింది ఆ పిల్లలా?

మీలో ఎవరికైనా ఇలాంటిది ఎదురైందా? వేదిక మీద నిలబడినవారు, కింద కూర్చున్నవారు, మార్కులు వేసినవారు, ఓటు వేసినవారు, ఎవరైనా రాయండి.

పంటురేవు:
మాది రాజోలు వైపు. ఉద్యోగం స్వీడన్ దక్షిణాన. 2024లో యూరోవిజన్ మాల్మోలో జరిగితే వెళ్లాను. ఇజ్రాయెల్ గాయని ఈడెన్ గోలాన్ వేదిక మీదికి వచ్చినప్పుడు మా వరసలో సగం మంది లేచి అరిచారు. ఇరవై ఏళ్ల అమ్మాయి. గాజాలో చనిపోతున్నవారిని తలచుకుని నా చుట్టూ ఉన్నవాళ్లకు గుండె మండుతోంది, ఆ మంట నిజం. దాన్ని నేను తక్కువ చేయను. నేను మాత్రం అరవలేదు, చప్పట్లూ కొట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఫలితాలు చూడండి. న్యాయనిర్ణేతల నుంచి ఆమెకు 52 మార్కులు, ప్రజల ఓటు నుంచి 323. మొత్తం మీద అయిదో స్థానం. హాలు ఒక మాట అంటే ఇళ్లలో కూర్చుని ఓటు వేసినవాళ్లు మరో మాట అన్నారు. ఆ తరువాతి ఏడాది బాసెల్‌లోనూ అంతే. ఇజ్రాయెల్‌కు న్యాయనిర్ణేతల నుంచి 60, ప్రజల నుంచి 297. ప్రజల ఓటులో అదే మొదటిది. కేకలు ఓట్లను తగ్గించలేదు. పంతంతో పెంచి ఉండవచ్చని నా అనుమానం.

ఒక సంగతి మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది. ఓట్లు సక్రమమని ప్రకటించే అధికారి మార్టిన్ ఓస్టెర్‌డాల్ తెర మీద కనిపించగానే కూడా హాలు అరిచింది. అదే రోజు నెదర్లాండ్స్ గాయకుణ్ణి పోటీ నుంచి తప్పించారు కూడా. ఆ అరుపు నాకు అన్యాయం అనిపించలేదు. లెక్క ఎవరి చేతిలో ఉందో వారిని అడగడం వేరు, పాడేవారి మీద పడటం వేరు.

లంకకుర్రాడు:
వైనతేయగట్టు అక్కా, మీ పిల్ల విషయంలో జరిగింది తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ మొత్తానికి కేకే వద్దంటే ఒప్పుకోను. టికెట్టు కొన్నవాడి చేతిలో ఇంకేముంది? కమిటీ వాడి మాట వినదు, మైకు వాడికి ఇవ్వరు. 2015లో వియన్నాలో ఈసడింపు టీవీలో వినబడకుండా చేసే ఏర్పాటు పెట్టారు. ఇళ్లలో ఉన్నవాళ్లు చప్పట్లు విన్నారు, హాల్లో ఉన్నవాళ్లు కేకలు విన్నారు. జనం నోరు నొక్కి అంతా బాగుంది అని చూపించడం కంటే కేకే నయం.

పంటురేవు:
తమ్ముడూ, శబ్దం నొక్కేయడం తప్పు అన్నంత వరకూ నీ మాటే నా మాట. అయితే అదే వియన్నాలో రష్యా గాయని పొలీనా గగారినాకు ఏమైందో కూడా చూడాలి. లెక్కింపులో ఆమె ముందంజలో ఉన్నప్పుడు హాలు అరుస్తుంటే ఆమె కన్నీళ్లు పెట్టుకుంది. అంతకు ముందు ఏడాది గెలిచిన ఆస్ట్రియా గాయకురాలు కొంచీటా దగ్గరికి వెళ్లి ఓదార్చింది. ఆ పేరుతో ఆడవేషంలో పాడేది స్వలింగ సంపర్కుడైన ఒక మగవాడు, రష్యా చట్టం కొంచీటా లాంటివారికే వ్యతిరేకం. కేకలు వేయడానికి అందరికంటే ఎక్కువ కారణం ఉన్న మనిషి వెళ్లి పక్కన నిలబడింది. గగారినా 303 మార్కులతో రెండో స్థానంలో నిలిచింది.

పాలకొల్లు సైకిలు:
నేను ఓటు వేసినవాడిని. నా సంగతి రాస్తాను.

2006లో ఇండియన్ ఐడల్ రెండో విడత చివరి పోరులో మన కారుణ్య సందీప్ ఆచార్య చేతిలో ఓడిపోయాడు. మనవాళ్లు ఓట్లు వేయలేదు కాబట్టే ఓడిపోయాడని మా కాలేజీలో అందరం పళ్లు కొరుక్కున్నాం. ఆ మరుసటి ఏడాది డార్జిలింగ్ కుర్రాడు ప్రశాంత్ తమాంగ్ గెలిచాడు. ఆ కొండ జనం చందాలు వేసుకుని మరీ సందేశాలు పంపారు. అది చూసి నేర్చుకున్నాం. 2010లో శ్రీరామచంద్ర చివరి ముగ్గురిలోకి వచ్చేసరికి మేం సిద్ధం. బస్టాండు ఎదురు కొట్టులో రీచార్జి కార్డులు కట్టలుగా కొన్నాం. వెండిపూత గీకి గీకి నా బొటనవేలి గోటి కింద నల్లగా పేరుకుపోయింది, రెండు రోజులు పోలేదు. గెలిచాక వీధిలో టపాసులు కాల్చాం.

ఆయన గెలవవలసినవాడే. ఆ గొంతు గురించి నాకు సందేహం లేదు. కానీ మిగతా ఇద్దరి పాట నేను ఒక్కటీ వినలేదు. ఒక్కటంటే ఒక్కటి. నా ఓటు గొంతుకు వేసింది కాదు, తెలుగు పేరుకు వేసింది. వాళ్ల ఊళ్లలోనూ నాలాంటివాళ్లు అదే పని చేసి ఉంటారు. వేదిక మీద ఉన్న ముగ్గురికీ ఇది తెలియదు. తమ పాటను జనం తూచారనే అనుకుంటారు.

మాస్టారు (విశ్రాంత ఉపాధ్యాయుడు):
ఇరవై ఏళ్లకు పైగా పరిషత్తు నాటకాలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. ప్రజల ఓటులో పక్షపాతం ఉంటుంది నిజమే. న్యాయనిర్ణేతలు గంగిగోవులు అనుకోకండి.

ఒక ఊరి పరిషత్తులో మేం ముగ్గురం. నా పక్కాయన తన శిష్యుడి నాటకానికి నూటికి తొంభై ఎనిమిది వేశాడు, దానికి గట్టి పోటీ ఇస్తున్న రెండింటికీ నలభై చొప్పున వేశాడు. మేమిద్దరం ఆ మూడు నాటకాలకూ డెబ్భైకీ ఎనభైకీ మధ్య వేశాం. కూడితే ఏమవుతుందో మీరే లెక్క కట్టండి. అతనొక్కడే తీర్పు చెప్పినట్టయింది, మేమిద్దరం ఉత్త సాక్షులం. తెల్లవారుజామున తెర వెనక పెట్రోమాక్స్ దీపం దగ్గర మార్కుల కాగితం నా ముందు పెట్టారు. సంతకం చేశాను. బస్సు వేళయింది, గొడవ ఎందుకు అనుకున్నాను. ఆ సంతకం ఇవాళ్టికీ నన్ను బాధిస్తుంది.

యూరోవిజన్‌లో ఈ రోగానికి కొంత మందు ఉంది. ఒక్కో దేశంలో సంగీతం తెలిసిన అయిదుగురిని పెట్టేవారు. వాళ్లు మార్కులు వేయరు, అన్ని పాటలకూ వరస వేస్తారు. వరస కాబట్టి ఒకడు ఎంత పక్షపాతం చూపినా మొదటి స్థానానికీ చివరి స్థానానికీ మధ్యనే ఆడగలడు. వరసలన్నీ కలిపాక మొదటి పదింటికి 12, 10, తరువాత 8 నుంచి 1 వరకు మార్కులు. ఈ పన్నెండు మార్కుల పద్ధతి 1975 నుంచి ఉంది. అయినా 2022లో ఆరు దేశాల న్యాయనిర్ణేతల ఓటింగు తీరు అనుమానంగా ఉందని వాళ్ల మార్కులు పక్కన పెట్టవలసి వచ్చింది. అక్కడ పట్టుకునేవాళ్లు ఉన్నారు. మన పరిషత్తుల్లో మార్కుల కాగితం మర్నాటికి ఏ అటక మీద ఉంటుందో ఎవరికీ తెలియదు.

లంకకుర్రాడు:
మాస్టారూ, మరి ఇరుగుపొరుగు దేశాలు ఒకదానికొకటి మార్కులు ఇచ్చుకోవడం మాటేమిటి? గ్రీసు, సైప్రస్ పన్నెండు పన్నెండు మార్చుకుంటే హాలు ప్రతిసారీ అరుస్తుంది కదా.

పంటురేవు:
దీనికి నేను చెప్తాను. 1997లో కొన్ని దేశాలలో ఫోను ఓటు మొదలైంది, మరుసటి ఏడాదికి దాదాపు అన్ని చోట్లా వచ్చింది. 2007లో సెర్బియా గెలిచినప్పుడు పాత యుగోస్లావియా నుంచి విడిపోయిన దేశాలు దానికి పన్నెండేసి ఇచ్చాయి. పడమటి దేశాలలో గగ్గోలు పుట్టింది. 2009 నుంచి చివరి పోటీలో సగం బరువు మళ్లీ న్యాయనిర్ణేతలకు ఇచ్చారు.

కానీ ఇదంతా కుట్ర అనడం నాకు నచ్చదు. ఆ దేశాల వాళ్లు ఒకే రకం పాటలు వింటూ పెరిగారు. మన దగ్గర ఏటి ఇవతలి భజన బాణీ ఏటి అవతలివాడికి నచ్చితే అది పక్షపాతమా, అలవాటైన చెవా? బ్రిటన్ సంగతి చూడండి. 2021లో సున్నా మార్కులు వచ్చాయి. యూరప్‌కు మేమంటే పడదు అన్నారు అక్కడ చాలామంది. మరుసటి ఏడాది మంచి పాట పంపారు, 466 మార్కులతో రెండో స్థానం. అదే యూరప్, అదే ఓటర్లు.

నన్ను కలవరపెట్టేది వేరు. 2023లో లివర్‌పూల్‌లో ఫిన్లండ్ కుర్రాడు కారియాకు ప్రజల ఓటు 376, స్వీడన్ గాయని లోరీన్‌కు 243. న్యాయనిర్ణేతల లెక్క కలిసేసరికి లోరీన్ గెలిచింది. అవతల ఆమెకు మార్కులు పడుతుంటే హాలు కారియా పాట పల్లవి అందుకుని అరుస్తూనే ఉంది. నేనున్నది ఆమె సొంత దేశంలో. ఆమె అద్భుతంగా పాడింది. గెలుపు పద్ధతి ప్రకారమే వచ్చింది. అయినా ఆమె గెలిచిన క్షణంలో హాలు వేరొకరి పాట పాడుతోంది.

కువైట్ నుంచి:
నేను పదకొండేళ్లుగా ఇక్కడ ఇంటి పనిలో ఉన్నాను. మాది కూడా కోనసీమే. వైనతేయగట్టు చెల్లీ, మీరు రాసిన పోటీ లాంటిదే మా ఊళ్లోనూ జరిగింది. ఊరి నుంచి ఫోను మీద ఫోను, ఓటు వెయ్యి, నీ తోటివాళ్లందరి చేత వేయించు అని. వంటగదిలో గిన్నెలు తోముతున్నాను. చెయ్యి తుడుచుకుని వేశాను. తడి వేలికి తెర పలకకపోతే కొంగుతో తుడిచి మళ్లీ వేశాను. పాట వినలేదు. వినడానికి ఆ వేళప్పుడు నాకు ఎక్కడ కుదురుతుంది?

మా ఊరి పేరు తెర మీద కనిపించింది, అంతే. ఆ పేరు చూసి ఓటు వేయకుండా ఉండటం నావల్ల కాలేదు. అవతల ఇంకో పిల్ల నష్టపోతుందని అప్పుడు తోచలేదు. మీ రాత చదివాక ఇవాళ తోచింది.

పాలకొల్లు సైకిలు:
అక్కా, మీరొక్కరే కాదు. జర్మనీలో స్థిరపడిన టర్కీవాళ్లు ఏళ్ల తరబడి టర్కీకి ఓట్లు వేశారు. 2012 తర్వాత టర్కీ ఆ పోటీనే మానేసింది, న్యాయనిర్ణేతలకు సగం బరువు ఇవ్వడం నచ్చలేదని చెప్పిన కారణాలలో ఒకటి. ఊరికి దూరంగా ఉన్నవాడికి ఓటు కూడా ఒక ఉత్తరమే. తప్పు ఓటు వేసినవారిది కాదు. ఒక్కొక్కరి చేత ఇరవై ఓట్లు వేయించుకుని డబ్బు తీసుకునే పద్ధతిది. యూరోవిజన్‌లో ఆ ఇరవైని 2026 నుంచి పదికి తగ్గిస్తున్నట్టు 2025 నవంబరులో ప్రకటించారు. పది కూడా ఎక్కువే అంటాను. మనిషికి ఒక్కటి చాలు.

వైనతేయగట్టు:
అందరివీ చదివాను. కువైట్ అక్కా, మీ మీద నాకు కోపం లేదు, నిజంగా లేదు.

నిన్న పిల్లకు ఇదంతా చదివి వినిపించాను. అది ఓట్ల గురించి ఏమీ అనలేదు. "రెండో చరణంలో నాకు శ్రుతి పోయిందా పిన్నీ?" అని అడిగింది. ఇన్నాళ్లూ దాన్ని తొలుస్తున్నది అదన్నమాట. ఎవరో ఫోనులో తీసిన రికార్డింగు తెప్పించుకుని చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు విన్నాను. కేకల అడుగున పాట వినబడుతూనే ఉంది. పోలేదు. ఒక్కచోట ఊపిరి అందక పదం చివర విరిగింది, అంతే. అదే చెప్పాను. ఫోను తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

కమిటీవాళ్లతో మాట్లాడాను. పాడేవారి సొంత ఊరివాళ్లు వారికి ఓటు వేయకూడదు అన్న నియమానికి ఒప్పుకున్నారు. యూరోవిజన్‌లో సొంత దేశానికి ఓటు ఉండదని చెబితే ఆశ్చర్యపోయారు. ఫోను ఓట్లు మాత్రం తీసేయరట, బహుమతుల ఖర్చు పెట్టేవారు అడుగుతున్నారట. మాస్టారూ, మార్కులకు బదులు వరస అన్నారు కదా, అది వాళ్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

మాస్టారు (విశ్రాంత ఉపాధ్యాయుడు):
ఎంతమంది పాడుతారో రాయండమ్మా, కాగితం గళ్లు గీసి పంపిస్తాను. పేర్లు ఒక పక్క, ముగ్గురి వరసలు మూడు గళ్లలో, కూడిక చివర. తక్కువ అంకె వచ్చినవారు గెలిచినట్టు. ఆ కాగితాన్ని మర్నాడు పంచాయతీ గోడకు అంటించమనండి, సంతకాలతో సహా. పన్నెండుమందికి మించితే రెండు పూటలుగా పెట్టమని చెప్పండి. మొదట పాడినవాళ్లను చివరికి మేమే మరిచిపోతుంటాం.