ఆవు చేలో మేస్తే... ఆ ‘గట్టు’ ఏ గట్టు?

నల్లగొండ అమ్మాయి: మా మూడేళ్ల వాడు టీవీ రిమోట్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చేత్తో కారు బొమ్మ తోసుకుంటూ ‘ఆఁ, చెప్పండి’ అని ఇల్లంతా తిరుగుతున్నాడు. అచ్చం వంటింట్లో నేను చేసేదే. తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు చూసి ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అన్నారు. నేను ఇన్నాళ్లూ గట్టంటే గుట్ట అనుకున్నా. ఆవిడేమో పొలం గట్టంటున్నారు. ఏది? మేస్తేనా, మేస్తుంటేనా?

కృష్ణాతీరం మాస్టారు: పొలం గట్టే, ఇందులో చర్చేముంది? తల్లి పైరులో పడ్డాక పిల్ల గట్టు మీద గడ్డితో సరిపెట్టుకోదు.

పాలమూరోడు: ఉంది సార్. మడుల మధ్యది మాకు ఒడ్డు. గట్టంటే కొండే, గద్వాల జిల్లాలో గట్టు అనే మండలమే ఉంది. పశువుల్ని గుట్టకు తోలి మేపేవాళ్ల మాటయితే, తల్లి చేనుమీద పడ్డాక దూడొక్కటే బుద్ధిగా గట్టెక్కి మేస్తుందా అని. ఇదే బాగుంది. బ్రౌన్ నిఘంటువులో కొండా ఉంది, ఒడ్డూ ఉంది.

మాస్టారు: గట్టెక్కడమంటే ఏట్లోంచి ఒడ్డున పడటం నాయనా. కొండెక్కేది దీపం.

పాలమూరోడు: మరి కొండను విల్లుగా వంచిన శివుణ్ణి గట్టువిల్తుడన్నది పొలం గట్టు వంచాడనా?

చిత్తూరాయన: 😀 మాకు పొలం గట్టంటే గెనిమ. సామెతలో మాత్రం మేమూ గట్టే అంటాం. ఎవరినో చూసి నేర్చుకున్నట్టున్నాం.

సైకాలజీ టీచర్: గట్టు సంగతి మీరు చూసుకోండి, నా గొడవ ‘మేస్తుంటే’తో. 1961లో బండూరా అనే సైకాలజిస్టు వాళ్లు స్టాన్‌ఫర్డ్‌లో పిల్లల ముందు ఓ గాలిబొమ్మను పెద్దవాళ్ల చేత సుత్తితో కొట్టించారు. తర్వాత వేరే గదిలో, ఆ పెద్దమనిషి లేనప్పుడు, ఆ పిల్లలు అలాగే కొట్టారు, అవే కేకలతో. అంటే ఆవు ఇంకా మేస్తూ ఉండక్కర్లేదు, ఒకసారి కంటపడితే చాలు. కాబట్టి ‘మేస్తే’.

మాస్టారు: నేను మొదటినుంచీ మేస్తే అంటున్నా, సుత్తి లేకుండానే. అయినా చూసి చేయడం గురించయితే పోతన దశమస్కంధం తీయండి. గోపబాలకులు కోకిలలతో కూస్తారు, నెమళ్లతో ఆడతారు, ఎగిరే పిట్టల నీడల వెంట పరిగెడతారు. వ్యాసుడిలోనూ ఉందనుకోండి, కానీ తెలుగులో చదువుతుంటే ఆ పిల్లలు మన వీధి పిల్లలే.

పాలమూరోడు: మరి! మా బమ్మెర వీధుల పిల్లలు.

చిత్తూరాయన: ఒంటిమిట్ట వీధులని సవరించుకోండి.

పాలమూరోడు: మళ్లీ మొదలు. పేరులోనే బమ్మెర ఉంటే ఇంకేం కావాలి?

చిత్తూరాయన: ఇంటిపేరు చూసి ఊరు చెప్పేస్తే తెనాలి వాళ్లందరూ రామకృష్ణులే.

నల్లగొండ అమ్మాయి: అయ్యా, నా గట్టు?

మాస్టారు: ఉండమ్మా. చిత్తూరాయన గారూ, అది గెనిమా, గనిమా? మా రాయచోటి మిత్రుడొకాయన గనిమ అంటాడు.