తాతగారి తుపాకీ మీది ముద్రకు అర్థమేమిటి?

ప్రశ్న (చిత్తూరు): మా తాతగారి లైసెన్సు తుపాకీ గొట్టం మీద కిరీటం ముద్ర ఉంది. పలమనేరు పొలంలో పందులను బెదరగొట్టేవారట. ఆ ముద్ర బలానికి హామీయేనా?

జవాబు: అది ప్రూఫ్ ముద్రలా ఉంది. మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటా పేల్చి, గొట్టం తట్టుకున్నాకే కొడతారు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి ఇదే తంతు.

జవాబు (తిరుపతి): ముద్ర ఆనాటి మాటే, బాబూ. నేను పరీక్షించింది రైలు ఇరుసులను, తుపాకులను కాదు. అయినా ఉక్కు ఉక్కే. అయస్కాంతీకరించి, మెరిసే ఇనుప రజను కలిపిన ద్రవం పోసి, చీకట్లో అతినీలలోహిత దీపం వేస్తాం. కంటికి ఆనని పగులు పచ్చని వెంట్రుకలా వెలుగుతుంది. మొదటిసారి చూసి ఒళ్లు జలదరించింది! తూటా వెనక గొట్టాన్ని మూసే తుపాకీ బోల్టులకూ ఈ పరీక్ష చేస్తారు. గట్టిదనం కొలవడానికి రాక్‌వెల్ యంత్రం ఉంది. మరీ గట్టిదైతే పెళుసు.

ప్రశ్నించినవారు: అయితే ఒకసారి పేల్చి చూడనా?

జవాబు (తిరుపతి): వద్దు! 1959 ఆయుధాల చట్టం ప్రకారం వ్యాపారంగా పరీక్షించేవారికీ లైసెన్సు ఉండాలి. అలాంటివారికే చూపించండి.