డ్రోన్‌కు కట్టిన ఫోన్‌లో సిగ్నల్ ఫుల్లు, కింద నెట్ నిల్లు

గట్టుకింది పిల్లోడు: పొద్దున ఆరింటి నుంచి తల పట్టుకుని కూర్చున్నా. మాది చందంపేట దగ్గర తండా, చుట్టూ గుట్టలే. రేపు చెల్లి పెళ్లి, దుబాయ్‌లో ఉన్న అన్నకు లైవ్ చూపించాలి. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి డ్రోన్‌కు కట్టి లేపాను. పైన నాలుగు గీతలూ ఉన్నాయి, స్క్రీన్ రికార్డింగ్‌లో చూశా. కింద మాత్రం హాట్‌స్పాట్ కలుస్తుంది, పోతుంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కృష్ణ ఒడ్డు: ఏ డ్రోన్? ఎంత ఎత్తు?

గట్టుకింది పిల్లోడు: మామూలు పెళ్లి షూటింగ్ డ్రోనే అన్నా.

రూల్స్ మాస్టారు: ముందు పైలట్ సర్టిఫికెట్ ఉందా? 2021 డ్రోన్ రూల్స్‌లో బరువంటే మోసే సామానుతో కలిపి. 250 గ్రాములు దాటి 2 కిలోల లోపుంటే మైక్రో తరగతి. సరదాకైతే సర్టిఫికెట్ అక్కర్లేదు, డబ్బులకు షూటింగ్ చేస్తే కావాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనూ 400 అడుగులు దాటకూడదు. అనుమతి లేని రిపీటర్ అయితే ఇంకో కేసు.

కృష్ణ ఒడ్డు: రిపీటర్ కాదు సార్. అది టవర్ సిగ్నల్‌నే పెంచి మళ్లీ వదులుతుంది. ఇతను పంచుతున్నది వైఫై.

రూల్స్ మాస్టారు: గాల్లోంచి పంచుతున్నాడా లేదా?

అమ్రాబాద్ అల్లుడు: 2017లో మరియా తుపాను తర్వాత ప్యూర్టోరికోలో అమెరికా ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ వాళ్లు డ్రోన్‌నే టవర్‌గా 200 అడుగుల ఎత్తులో నిలబెట్టారు. దానికి కరెంటు కింది నుంచి తీగలో వెళ్లేది. మన బ్యాటరీ డ్రోన్ తాళి కట్టేలోపే దిగిపోతుంది.

గట్టుకింది పిల్లోడు: నిజమే, ఫోన్ కడితే 11 నిమిషాలే. ఇంకోటి మర్చిపోయా, రిమోట్ ఆపేసి చూస్తే హాట్‌స్పాట్ బాగానే ఉంటోంది.

కృష్ణ ఒడ్డు: ఈ ముక్క మొదట్లో చెప్పాలి కదా తమ్ముడూ! చాలా రిమోట్లు నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల్లో. నీ హాట్‌స్పాట్ కూడా అందులోనే ఉంటే రెండూ కొట్టుకుంటాయి. రిమోట్ తెగిందంటే డ్రోన్ అదుపు తప్పొచ్చు, జాగ్రత్త. ఇక గీతలు చూసి మురిసిపోకు. టవర్ యాంటెన్నాలు నేల వైపు వంచి ఉంటాయి. అంత పైన ఫోన్‌కు దూరం టవర్లన్నీ ఒకేసారి తగిలి, ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి అడ్డొస్తుంది. గీతలుంటాయి, వేగం ఉండదు.

బోరుబండి: ఊళ్లో వాటర్ ట్యాంక్ లేదా?

రూల్స్ మాస్టారు: ట్యాంక్ ఎక్కాలన్నా పంచాయతీని అడగాలి.

గట్టుకింది పిల్లోడు: సర్పంచ్ మా మామనే. ట్యాంక్ మీద పవర్ బ్యాంక్ పెట్టి ఫోన్ కట్టాం. రెండే గీతలు గానీ వీడియో కాల్ ఆగట్లేదు. థాంక్స్ అన్నలూ, టెంట్ బండి వచ్చింది, పోతున్నా.

రూల్స్ మాస్టారు: సర్టిఫికెట్ సంగతి చెప్పలేదు.